కాలిన్ పాడలేకపోయిన మూడో చరణం

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే నేను నవ్వి ఊరుకునేదాన్ని. నర్సుగా ఎన్నో చావులు చూశాను. ఏ మంచం దగ్గరా నాకు ఏమీ కనబడలేదు, వినబడలేదు.

2014లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో, పెద్దవాళ్లనీ రోగుల్నీ చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనిచేసేదాన్ని. పన్నెండో గదిలో కాలిన్ ఉండేవారు. అరవై దాటాయి. పక్షవాతంతో మాట పూర్తిగా పోయింది. వయసులో ఉన్నప్పుడు పోస్ట్‌పంక్ అనే రకం రాక్ సంగీతం వాయించే ఒక బ్యాండ్‌లో పాడేవారట.

ఆయన చెల్లెలు ఒక సీడీ ఇచ్చింది. రోజూ స్నానం చేయించేటప్పుడు అందులో ఒకే పాట పెట్టేదాన్ని. వెనక గిటార్ గుండె దడలా కొట్టుకుంటుంటే, ఆయన గొంతు మూసిన తలుపు బయట నిలబడి బతిమాలుతున్నట్టు ఉండేది. ఆయన తాగుడు భరించలేక భార్య ఐదేళ్ల కూతుర్ని తీసుకుని వెళ్లిపోయిన వారంలో రాసిన పాట అది. రెండు చరణాల తర్వాత టక్కున ఆగిపోతుంది. మూడోది పాడలేక స్టూడియోలోంచి బయటికి వెళ్లిపోయారని చెల్లెలు చెప్పింది. ఆ చరణం ఆమె కూడా ఎప్పుడూ వినలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, నాతో పనిచేసే గుంటూరు నర్సు మేరీ అక్కా నేనూ కారిడార్‌లో మందుల చార్టు నింపుతున్నాం. పన్నెండో గదిలోంచి ఆ పాట వినిపించింది. వాయిద్యాలు లేవు. బొంగురుపోయిన ముసలి గొంతు ఒక్కటే.

"అక్కా, వింటున్నావా?"

"వింటన్నానే. ఆయనకి మాటొచ్చినట్టుంది."

రెండు చరణాలు అయిపోయాయి. పాట ఆగలేదు. "పిప్, నీ ఎర్ర బూట్లు నా దగ్గరే ఉన్నాయి, తప్పు నీది కాదు" అని వచ్చింది. తలుపు తీశాం. గొంతు ఆగిపోయింది.

కాలిన్ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. దవడ బిగుసుకుపోయింది. మేం తలుపు తీసేటప్పటికే ప్రాణం పోయి కనీసం రెండు గంటలైందని డాక్టర్ రాశారు. సీడీ ప్లేయర్ ముందురోజే పాడైతే చెల్లెలు ఇంటికి తీసుకెళ్లింది.

మూడో రోజు కూతురు వచ్చింది. నలభైకి దగ్గర్లో ఉంటుంది. తండ్రిని చూసి ముప్పై ఏళ్లు దాటింది. ఏం చెప్పాలో తెలియక నేను తప్పించుకు తిరుగుతుంటే, "చెప్పెయ్యవే. మనం చెప్పకపోతే ఆ పిల్లకి ఇంకెవరు చెప్తారు?" అంది అక్క.

చెప్పాను. ఆమె చేతిలో టీ కప్పు పక్కన పెట్టేసింది.

"నన్ను పిప్ అని నాన్న ఒక్కడే పిలిచేవాడు. ఇల్లు వదిలిన రోజు నా ఎర్ర బూట్లు కూడా వేసుకోకుండా, మేజోళ్లతోనే కారెక్కాను. ఈ మాట నా భర్తకి కూడా చెప్పలేదు. నా వల్లే వాళ్లు విడిపోయారని అనుకుంటూ పెరిగాను," అంది. ఆ చరణం నా చేత మూడుసార్లు చెప్పించుకుంది.

పక్కనే ఉన్న మేనత్త, అదే కాలిన్ చెల్లెలు, అప్పుడు నోరు విప్పింది. కాలిన్ ఫ్లాట్ ఖాళీ చేసినప్పుడు అల్మారాలో చిన్నపిల్లల ఎర్ర బూట్లు దొరికాయట. ఎవరివో తెలియక, పాత సామాన్లు దానంగా తీసుకునే ఛారిటీ షాపుకి ఇచ్చేసిందట.

మేరీ అక్కా నేనూ ఇద్దరం విన్నాం. డాక్టర్ రాసిన సమయం కాగితం మీద ఉంది. ఈ రెండూ ఎలా నిజమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు.