అక్క చీర ఎరుపు

మ్యూనిక్ శివారు ఉంటర్‌ఫ్యోరింగ్ వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న తెలుగావిడ ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద పెళ్లిచీరలో మా అక్క!

వెలుగులు, రంగులు మరింత గాఢంగా చూపే హెచ్‌డీఆర్ వీడియోను మామూలు టీవీలకు మార్చేటప్పుడు రంగులు పాడవకుండా ఏడాదిపాటు కూర్చుని సెట్టింగులు తయారుచేసుకున్నాను. వాటిని పరీక్షించుకోవడానికి వాడింది నేను తీసిన అక్క పెళ్లి వీడియోనే. "చూసి చెప్పరా" అని సెట్టింగులూ వీడియో రూమ్మేట్ ఒక్కడికే ఇచ్చాను.

"ఈవిడెవరండీ?" అన్నాను.

"ఎవరోనండి, నెట్ల దొరికిన వీడియో అంట. ఈ సెట్టింగులన్నీ మా టీమ్ లీడే సొంతంగ చేసిన్రు. మస్తు టాలెంట్!" అంటూ ఆ లీడ్ పేరు చెప్పింది. నా రూమ్మేట్ పేరే.

ఆవిడ తెరను నావైపు తిప్పింది.

"చీర ఎరుపు జర ఎక్కువైనట్టుంది గదా? తగ్గియ్యాల్నా?"

"తగ్గించకండి," అన్నాను. "ఆ చీర అంత ఎరుపే."