ఊరి పేరు లేని గడి

ఇప్పటికీ ఎవరైనా "కంప్యూటర్ తప్పు చెయ్యదు" అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వనపర్తిలో ఓ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా ఉన్నప్పుడు, ఆడపిల్లల హాస్టల్ సీట్ల జాబితా తీసే షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కు ఆజ్ఞలిచ్చే చిన్న ప్రోగ్రాం, రాసింది నేనే. ఊరు వనపర్తి కాకపోతే సీటు ఇవ్వు, లేకపోతే "స్థానికురాలు" అని రాయి. ఇంతే దాని తెలివి.

జాబితా గోడకు అంటించిన మూడోరోజు, నేను ఆఫీసు గదిలో ఉండగా, ఒక పిల్ల తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. మన్ననూరు అవతల, అడవిలో పది గుడిసెల ఊరు వాళ్లది, అలాంటి ఊరిని అక్కడ పెంట అంటారు. మూడు బస్సులు మారి వచ్చారు. జాబితాలో ఆ పిల్ల స్థానికురాలు!

"రోజూ ఇంటికెల్లి రమ్మంటున్రు మేడం. ఎట్ల వస్త? సీటు లేకుంటే సదువు బందే," అంది.

దరఖాస్తులు కంప్యూటర్‌లో ఎక్కించే గుమస్తా తలెత్తలేదు. "కంప్యూటర్ల గట్లనే వచ్చింది. నేనేం జెయ్యాలె?" ఆడలేక మద్దెల ఓడన్నాడట!

పోయి ల్యాబ్‌లో కూర్చున్నాను. షరతు పదిసార్లు చదివినా తప్పు కనబడలేదు. ఆ పిల్ల వరుస ఒక్కటే తీసి నడిపినా అదే జవాబు. చివరికి ఆ వరుస తెరిచి చూస్తే ఊరి గడి ఖాళీగా ఉంది. పిల్ల దరఖాస్తులో గుండ్రంగా రాసిచ్చిన ఊరు! గుమస్తాను నిలదీశాను.

"ఆ పేరు ఇంగ్లీషుల ఎట్ల కొట్టాల్నో తెల్వలే మేడం, ఇడ్సిపెట్టిన."

నోటికొచ్చినట్టు తిట్టాను. కానీ నా వంతూ ఉంది. స్క్రిప్టులో ఊరి పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. అవి లేకపోతే, ఖాళీ గడి వచ్చినప్పుడు షెల్‌కు పోల్చడానికి ఒకవైపు ఏమీ మిగలదు. తప్పు జరిగిందని ఒక ముక్క చెప్పి, "లేకపోతే" దారిన పోతుంది. తెలియదన్నా కాదన్నా దానికి ఒకటే. ఆ ముక్క కూడా తెర మీద కనబడకుండా చేసింది నేనే, తెర శుభ్రంగా ఉండాలని. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

గుర్తులు పెట్టి మళ్లీ నడిపాను. పిల్లకు సీటు వచ్చింది. ఆమెతోపాటు ఇంకో ఆరు పేర్లు బయటపడ్డాయి. అందరివీ ఖాళీ గడులే, అందరివీ అడవి ఊళ్లే. వాళ్లెవరూ అడగడానికి రాలేదు. సీటు వచ్చిందని అందరికీ కార్డులు రాశాం.

రెండు వారాలకు ఒక తండ్రి ఆ కార్డు పట్టుకొని వచ్చాడు. "మీరు వద్దన్నరని పిల్లను గద్వాల దిక్కు పత్తిచేన్ల పనికి తోలినం అమ్మా. పని ఒడిసేదాంక ఆసాములు రానియ్యరు. మళ్ల ఏడాదికి సీటు ఇస్తరా?"

వచ్చే ఏడాది సంగతి నా చేతిలో లేదన్నాను. ఆయన తిట్టలేదు. కార్డు మడిచి జేబులో పెట్టుకొని, నాకే దండం పెట్టి పోయాడు.