మంచం కింద అక్క పెట్టె

అబుదాబిలో నేను చూసుకున్న ముసలావిడ గదిలో, మందుల బల్లకి ఎదురుగా, ఒక దొంగ వివరాలు పటం కట్టి ఉండేవి. ఆ దొంగ ఆవిడ ముత్తాతకి తల్లి. స్కాట్లాండ్‌లో పుట్టింది. చలికాలంలో ఎవరిదో దుప్పటి ఎత్తుకుపోతూ దొరికిపోతే, ఏడేళ్ల శిక్ష వేసి, ఓడెక్కించి, ఆస్ట్రేలియా దిగువన ఉన్న ఒక దీవికి పంపేశారట. అక్కడి గుమాస్తా రాసుకున్న కాగితానికి నకలు అది. మా ముసలావిడది ఆస్ట్రేలియా. కొడుకు ఉద్యోగం ఇక్కడ కావడంతో వచ్చి ఉంది. చూపు బాగా తగ్గింది. రోజూ నేను బీపీ చూడడం పూర్తికాగానే "ఇక ఆమెను చదువు" అనేది.

చదివేదాన్ని. ఎత్తు అయిదడుగులకి అంగుళం తక్కువ. కళ్లు గోధుమరంగు. ముఖం మీద స్ఫోటకం మచ్చలు. ఎడమచేతి చిటికెన వేలు వంకర. చదవడం వచ్చు, రాయడం రాదు. దాని కింద అక్కడ చేసిన తప్పులు. యజమానురాలికి ఎదురు చెప్పింది: పదిరోజులు రొట్టె, నీళ్లు. చెప్పకుండా ఇల్లు విడిచిపోయింది: జుట్టు కత్తిరించి, ఆరు నెలలు జైల్లో బట్టలుతికే పని. ఆడఖైదీలను దొరల ఇళ్లలో పనికి పెట్టేవారట. ఆ ఇంటివాళ్లు ఒప్పుకోనిదే గడప దాటకూడదు.

"ఇక్కడ వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ లాగే అన్నమాట" అన్నాను ఒకరోజు. ముసలావిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా అక్క అలాంటి ఇంట్లోనే పనిచేసేది, షార్జాలో. నన్ను నర్సింగ్ చదివించింది ఆ ఇంటి అంట్లే. సెలవిచ్చిన రోజున బస్సెక్కి అబుదాబి శివార్లలో, బనియాస్‌లో ఉన్న నా గదికొచ్చి, నా మంచం కింద పెట్టుకున్న తన పెట్టెలో ఏదో ఒకటి దాచుకుని పోయేది. పాలపొడి డబ్బా, సెంటు సీసా, కూతురికి గౌను, పెద్ద పువ్వుల దుప్పటి. పెట్టె నిండాక ఇంటికి పోవాలని అనుకునేది.

కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది, చేతిగొలుసు కనబడడం లేదని ఆ ఇంటి మేడం అక్క మీద కేసు పెట్టింది. నాలుగు నెలలు జైల్లో ఉంది. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం గదిలో ముగ్గురు నర్సులం కూర్చుని అన్నం తింటుంటే ఫోనొచ్చింది. ఎవరో ఆఫీసాయన, హిందీలో, నా అక్కను ఎల్లుండి ఇండియా పంపించేస్తున్నారనీ, ఆమె పెట్టె నా దగ్గరుందట కాబట్టి తెచ్చి ఇవ్వమనీ చెప్పాడు.

మిగతా ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. ఇద్దరూ మా గోదావరి పిల్లలే, నేను వెళ్లే ప్రార్థనకే వస్తారు.

"గలత్ నంబర్ భాయ్" అన్నాను.

ఆయన అక్క పేరు మళ్లీ చెప్పి, "ఆప్ కీ బెహన్ నహీ హై?" మీ అక్క కాదా, అని అడిగాడు.

"నహీ."

ఎవరే అని ఒకమ్మాయి అడిగితే, "బ్యాంకోళ్లు, కార్డు తీసుకోమని" అన్నాను. పెరుగన్నం ఆఖరి ముద్ద దాకా తిన్నాను. అక్క ఒంటిమీది బట్టతో విమానమెక్కింది.

ఉద్యోగం పోతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఉత్తమాట. నా ఉద్యోగం జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. దొంగకి చెల్లెలినని ఆ ఇద్దరికీ తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను, అంతే. గొలుసు తీశావా అని అక్కను నేను ఇప్పటికీ అడగలేదు. తీసి ఉండదని ఒక్కసారైనా అనుకున్నదాన్నీ కాదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఒకరోజు ముసలావిడని అడిగాను, ఆ పటం నలుగురూ చూస్తే నామోషీగా ఉండదా అని.

"మావాళ్లకి ఉండేది" అంది. "ఆమెకి తొమ్మిదిమంది పిల్లలు. మా ముత్తాత పెద్దవాడు. ఇంటి బైబిల్లో తల్లి పేరున్న పేజీ చింపేశాడు. ఆమె అప్పటికి బతికే ఉంది, వంటింటి వెనక గదిలో. చుట్టాలొస్తే ఆ గది తలుపు వేసేసేవారట. దుప్పటికి కోర్టు ఏడేళ్లే వేసింది. మావాళ్లు చచ్చేదాకా వేశారు." నా వైపు తిరిగి, "మీ ఇంట్లో ఇలాంటివాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"లేరు మేడం" అన్నాను.

ఆ వారమే సెలవడిగి, అక్క వెళ్లిపోయాక కూడా రెండేళ్లుగా మంచం కిందే ఉన్న ఆ పెట్టె తీసుకుని ఊరెళ్లాను. అందరిముందూ అక్క కాళ్లు పట్టుకుని నిజం చెప్పేయాలని దారిపొడవునా అనుకుంటూనే ఉన్నాను. వెళ్లేసరికి అరుగు మీద పక్కింటి పిన్ని కూర్చుని ఉంది. అక్క జైలుకెళ్లిన సంగతి ఊరంతటికీ తెలుసు. అక్క ఎవరి దగ్గరా దాచలేదు.

"వచ్చేవా తల్లీ" అంది పిన్ని. "నీలాంటి చెల్లెలుండబట్టి సరిపోయింది గానీ. వారంవారం జైలుకెళ్లి చూసేదానివంట గదా. విమానం కాడికి కూడా వచ్చి ఒకటే ఏడుపంట. మీ అక్క చెప్తానే ఉంటది."

అక్క వచ్చి నా చేతిలోంచి పెట్టె అందుకుంది. నా ముఖంలోకి చూడలేదు.

"ఆ రోజు ఎయిర్‌పోర్టులో బరువెక్కువైందన్నారు పిన్నీ. అందుకే దీని దగ్గిరే ఉంచేసేను" అంది.

పిన్ని నా వైపు చూసింది. చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. ఎవరి ముత్తాత తల్లి చేసిన తప్పులనో ఒక్క అక్షరం మింగకుండా రోజూ పైకి చదివిన నోరే నాది.

"అవును పిన్నీ. బరువెక్కువైంది" అన్నాను.

అక్క పెట్టె తెరిచి, అందులోంచి కొత్త పువ్వుల దుప్పటి తీసి దులిపి, నేను కూర్చోవడానికి మంచం మీద పరిచింది.