వదిన, పద్నాలుగు గాడిదలు, ఒకే ఒక్క ప్లేటు

మా వదిన బొటనవేలు మామూలు వేలు కాదు. పద్దెనిమిదేళ్లుగా రోజుకు వెయ్యిసార్లు చుక్కలు కొలిచి వేసే పిపెట్టు మీట నొక్కీ నొక్కీ అది ఎంత గట్టిపడిందంటే, మేకు దిగ్గొట్టాలంటే మా ఇంట్లో ఎవరూ సుత్తి వెతుక్కోరు. ఈ మాట ఆవిడ ముందు అన్నానంటే ఆ చేత్తోనే నాకో మొట్టికాయ పడుతుంది.

పశువుల రక్తం పరీక్షించే లాబ్‌లో గాజుసామాను కడగడానికి చేరింది వదిన. కడుగుతూనే పక్కవాళ్ల పనంతా కళ్లతో లాగేసుకుని, రాత్రిబడి చదువు చదివి, టెక్నీషియన్ అయి కూర్చుంది. నేను అదే లాబ్‌లో వ్యాను నడుపుతాను. పదో తరగతి మధ్యలో బడి మానేశాను. బడే నన్ను మాన్పించిందని గిట్టనివాళ్లంటారు. అయినా వదిన చేసే పని గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాడు ఆ లాబ్‌లో లేడు. పెద్దసారు చెబితే గంట పడుతుంది, వినేవాడు కునుకు తీస్తాడు. నేను రెండు నిమిషాల్లో తేల్చేస్తాను.

ప్లాస్టిక్ ప్లేటు, అందులో తొంభై ఆరు చిన్న చిన్న గుంటలు. గుంటల అడుగున జబ్బు క్రిమి ముక్కలు అంటిస్తారు. మిగిలిన ఖాళీ జాగాకి ఇంకేదీ అంటుకోకుండా పాలపొడి కలిపిన నీళ్లు పూతలా పూస్తారు. ఆ తర్వాత జంతువు రక్తంలోంచి తీసిన తేటనీళ్లు ఒక్కో చుక్క వేస్తారు. జబ్బు తగిలిన జంతువైతే దాని యాంటీబాడీలు క్రిమిని కరుచుకుని కూర్చుంటాయి. లేదంటే కడిగినప్పుడు కొట్టుకుపోతాయి. కూర్చున్నదీ లేనిదీ కంటికి కనపడదు కాబట్టి, యాంటీబాడీ తోక పట్టుకునే ఒక ప్రోటీన్‌ని వాటి మీదికి తోలుతారు. దానికి రంగు తెప్పించే ఎంజైము ముందే అతికించి ఉంటుంది. అది పట్టు దొరికి నిలబడ్డ గుంటలో రంగుమందు పోస్తే నీలమవుతుంది. పట్టు దొరకని గుంట నీళ్లలా ఉండిపోతుంది. సీసా మీద దాని పేరు ప్రోటీన్ జి. వదిన మాత్రం పట్టుకారు అంటుంది.

పట్టుకారు గొప్పతనం ఏమిటంటే అది ఊరూ పేరూ అడగదు. ఆవు, గొర్రె, గుర్రం, గాడిద, ఏదైనా సరే, తోక చిక్కితే పట్టేస్తుంది. ఎందుకో కోళ్లని మాత్రం ముట్టదు. ఒకప్పుడు లాబ్‌లో జంతువుకో సీసా కొనేవాళ్లు. ఈ ఏడు పెద్దసారు అవన్నీ మానేసి ఈ ఒక్క సీసా తెప్పించారు.

అది అడుగంటుతున్న వారంలోనే గాడిదలొచ్చాయి.

ఇటుకబట్టీలో మట్టి మోసే పద్నాలుగు గాడిదలు. పక్క బట్టీలో ఒకటి అంటుజబ్బుతో చచ్చిపోవడంతో అధికారులు వీటిని తోలుకొచ్చి మా లాబ్ వెనక షెడ్డులో కట్టేశారు. రూలు మహా ముక్కుసూటిది. సాయంత్రం ఐదింటిలోగా జబ్బు లేదని తేలినవి ఇంటికి. తేలనివన్నీ జబ్బున్నట్టే లెక్క, వాటికి ప్రాణం తీసే సూదిమందు. వాటి యజమాని, ఒక పెద్దాయన, తెల్లారకముందే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. వదిన ప్లేటు పట్టుకుని అటు వెళ్తుంటే లేచి నిలబడ్డాడు.

"అవి మా ఇంటికి కాళ్లు తల్లీ," అన్నాడు.

నేను ఆయన పక్కన కూర్చుని ధైర్యం చెప్పాను. మా వదిన రక్తం చుక్క చూసి గాడిద ముత్తాత ఏ దారిన నడిచిందో చెప్పగలదని, ఒకసారి దోమ రక్తం పరీక్షించి అది రాత్రి ఎవరింట్లో భోంచేసిందో చెప్పిందని, ఆ ఇంటివాళ్లు దోమతెర కొనుక్కున్నారని చెప్పాను. ఆయన నమ్మలేదు గానీ కాస్త నవ్వాడు.

పదకొండింటికి వదిన బయటికొచ్చింది.

చుక్క వేసిన గుంటలన్నీ నీలం. పద్నాలుగు గాడిదల గుంటలూ నీలమే, జబ్బు లేదని ముందే తెలిసిన గుర్రం గుంట కూడా నీలమే. అంటే తప్పు గాడిదలది కాదు, ప్లేటుది. పెద్దసారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, పట్టుకారు ఇంకొక్క ప్లేటుకి సరిపడా మాత్రమే ఉందని, కొత్త సీసా రావడానికి పదిరోజులు పడుతుందని గుర్తు చేశారు. తప్పెక్కడుందో తెలియకుండా అది కూడా పాడు చేసేకంటే తేలలేదని రాసి పంపడం మేలని ఆయన ఉద్దేశం. వదిన ఆయన్ని సాయంత్రం దాకా ఆగమని అడిగింది. ఆవిడ అడిగే తీరు అడిగినట్టుండదు, చెప్పినట్టే ఉంటుంది. ఆయన సరేనన్నారు.

అప్పుడు నన్ను పిలిచింది.

"పొద్దున నువ్వు తెచ్చిన పాలపొడి ఎప్పుడూ తెచ్చేదేనా?"

"డబ్బా పాతదే వదినా," అన్నాను.

డబ్బా నిజంగా పాతదే. అబద్ధమాడానని ఎవరూ నన్ను అనలేరు. కానీ వదిన లోపలికి వెళ్లాక నేను కిటికీ దగ్గరికి చేరాను.

వదిన పాడైన ప్లేటులో ఖాళీగా మిగిలిన గుంటలతో ఆరా మొదలుపెట్టింది. ఒక గుంటలో గాడిద చుక్క మానేసింది. ఒక గుంటలో నీళ్లు మార్చింది. ఒక గుంటలో కడిగే మందు మార్చింది. ఇంకోదాంట్లో క్రిమి ముక్కలు కూడా మానేసి ఉత్త పాలు పూసింది. అన్నిట్లోనూ పట్టుకారు చుక్కలో చుక్క వేసి, ప్లేటుని బోర్లించి తువ్వాలు మీద ఫట్ ఫట్‌మని కొట్టింది. కిటికీలోంచి చూస్తున్న నాకు ఆ దెబ్బలు నా వీపు మీదే పడుతున్నట్టున్నాయి. రంగుమందు పోసిన పావుగంటకి తెలిసిపోయింది. క్రిమి లేదు, గాడిద లేదు, ఉత్త పాలు పూసిన గుంట అన్నిటికన్నా చిక్కటి నీలం.

ఆవిడ తలెత్తి కిటికీ వైపు చూసింది. నేను పక్కకి తప్పుకోబోయాను. వరండాలో పెద్దాయన కనిపించాడు. కండువా కొస నలుపుతూ, ఎవరు తలుపు తెరిచినా లేస్తూ, మళ్లీ కూర్చుంటూ ఉన్నాడు. ఇంకా నోరు మూసుకుంటే మనిషిని కాను అనిపించి లోపలికి వెళ్లాను.

జరిగిందంతా చెప్పేశాను. దుకాణంలో మామూలు పాలపొడి అయిపోయింది. ఉట్టి చేతులతో రావడం నా వంశంలో లేదు. పశువుల మందుల కొట్టులో ఇంకో డబ్బా కనపడింది. అప్పుడే పుట్టిన దూడలకి పట్టే జున్నుపాల పొడి, ఈనిన ఆవు మొదటి రోజు ఇచ్చే పాలు ఎండబెట్టింది. ధర మూడింతలు. మామూలు పాలకంటే చిక్కన, బలం. మా లాబ్‌కి మంచిదే తెచ్చాననుకుని పాత డబ్బాలో పోసి పెట్టాను.

వదిన ఆ డబ్బా మూత తీసి పొడి వాసన చూసింది. తిట్టినా బావుండేది.

"దూడకి ఆ పాలు ఎందుకు పడతారో తెలుసా?"

"బలానికి."

"తల్లి యాంటీబాడీలన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి. మామూలు పొడిలో నామమాత్రం. నువ్వు తెచ్చింది ఒట్టి యాంటీబాడీల గంప. గుంట గుంటకీ ఆవుని పూశాను నేను, పట్టుకారు ఊరుకుంటుందా?" అని, డబ్బా నా చేతిలో పెట్టి, "మరిదిగారు ఏం చేసినా ఘనంగానే చేస్తారు," అంది.

ఇక పూతకి పాలు వద్దు. పట్టుకారు పట్టే ఏ జంతువు సరుకూ వద్దు. ఆవిడ గడియారం చూసింది, ఒంటిగంట. నా వైపు తిరిగి రెండు కోడిగుడ్లు తెమ్మంది. నేను నోరు తెరిచేలోగా, మంచివి, గొప్పవి, ఖరీదైనవి అక్కర్లేదని, కోడి పెట్టినవైతే చాలని చెప్పింది. కోడి యాంటీబాడీని పట్టుకారు ముట్టదు కదా. తెల్లసొన వేరు చేసి, నీళ్లలో కలిపి వడగట్టి, ముందు నాలుగే నాలుగు గుంటల్లో వేసి చూసింది. జబ్బుందని ముందే తెలిసిన గుర్రం గుంట నీలం, జబ్బు లేని గుర్రం గుంట తేట. వేసిన రెండుసార్లూ అంతే. పెద్దసారు వంగి చూసి, పట్టుకారు సీసా తానే ఫ్రిజ్‌లోంచి తీసిచ్చారు.

ఆ చివరి ప్లేటు వదిన వేస్తున్నంతసేపూ లాబ్‌లో ఎవరూ కుర్చీ కూడా జరపలేదు. ఆవిడ బొటనవేలొక్కటే కదిలింది, ఒక్కో గాడిదకి రెండేసి గుంటలు. నాలుగున్నరకి రంగుమందు పోసింది. పదమూడు గాడిదల గుంటలు నీళ్లలా నిలిచాయి. పద్నాలుగోదాని జంట గుంటలకి మాత్రం సన్నటి నీలిజీర వచ్చింది. సిరా కడిగిన నీళ్లంత.

"అది నీలమా ఏంటి వదినా, ఆకాశం నీడ పడుంటుంది. తేట అని రాసేయరాదూ," అన్నాను.

"రెండు గుంటల్లోనూ ఒకేలా పడే నీడ ఉండదు," అంది వదిన. "అలాగని జబ్బని రాయడానికీ చాలదు. ఉన్నదున్నట్టే రాస్తాను."

పదమూడు ఇంటికి, ఒకటి విడిగా షెడ్డులోనే, మూడు వారాలాగి మళ్లీ రక్తం తీయాలి అని రాసింది. అధికారి రూలు ఒప్పుకోదన్నాడు. వదిన ప్లేటు తెచ్చి అతని ముందు పెట్టి, చిక్కటి నీలం ఎలా ఉంటుందో, ఇదెలా ఉందో చూపించి, తన సంతకం కింద పెద్దసారు చేత కూడా సంతకం పెట్టించింది. ఇద్దరి సంతకాలు చూసి అతను తలూపాడు.

మూడు వారాల తర్వాత ఆ ఒక్కటి కూడా తేటగానే తేలింది. కానీ ఆ సాయంత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు. పెద్దాయన కాగితం రెండు చేతులతో అందుకుని, ఏది ఆగిపోతుందని అడిగాడు. చెవి చిరిగినదని వదిన చెప్పింది. ఆయన నుదురు కొట్టుకున్నాడు. మందకంతా అదే ముందు నడిచేది, అది లేనిదే మిగతావి అడుగు వేయవు.

నిజంగానే వేయలేదు. గేటు బార్లా తీసినా పదమూడూ షెడ్డు దగ్గరే బిగుసుకున్నాయి. నేను వెనకనుంచి నెట్టి, మా లాబ్‌లో ఎవరూ తినని తన్ను ఒకటి తిన్నాను. చివరికి వదినే, ఆ ముందు గాడిద మెడలో గంట ఉందా అని అడిగింది. ఉంది. దాన్ని విప్పించి, క్రిములు చచ్చే మందులో పదినిమిషాలు ముంచి, కడిగి తుడిచి పెద్దాయన చేతికిచ్చింది.

ఆయన సిగ్గుపడుతూ దాన్ని తన మెడలో వేసుకుని గేటు దాటాడు. గంట మోగింది. ఒకదాని వెనక ఒకటి పదమూడు గాడిదలూ ఆయన వెంట నడిచాయి.