పొట్టు తీసిన గుడ్డు

హుస్సేన్ బీ ముసలివాళ్ల గుడ్లు ఎత్తుకుపోతోందని మా గల్లీలో అనుకోని ఇల్లు లేదు. వంట అయ్యాక రోజూ ఒక గుడ్డు కొంగున కట్టుకుని పోవడం చూసినవాళ్లున్నారు, నిజమే. నేనూ చూశాను. కానీ మనవళ్లకు పెడుతోందన్నారు చూడండి, అది శుద్ధ అబద్ధం. ఆమెకు మనవళ్లే లేరు. ఉన్న ఒక్క బిడ్డ తహూరాకు ఇంకా పెళ్లి కాలేదు. ఆ గుడ్డు ఎటు పోయిందో నాకు తెలుసు. చెప్పొద్దని ఆమె నా చెయ్యి పట్టుకుంది. అయినా రాస్తున్నాను. ఆ మాట పడి ఆమె ఉండగలదేమో, విని నేను ఉండలేను.

మా గల్లీ కమ్యూనిటీ హాలులో మూడేళ్లుగా మధ్యాహ్నం పూట ముసలివాళ్లకు అన్నం పెడుతున్నారు. కాలనీవాళ్లే కమిటీ వేసుకుని నడిపిస్తున్నారు, సునీల్ దానికి పెద్ద. ముప్ఫై మంది దాకా వస్తారు. పప్పు, ఆకుకూర, మనిషికో ఉడికిన గుడ్డు. వండేది హుస్సేన్ బీ. భర్త పోయాక పెళ్లిళ్లకు వండేది, అది మాని ఇక్కడికి వచ్చింది. ఎందుకు మానావని అడగకుండా నేనుంటానా?

"పెండ్లిల తిన్నోడు వండినదాన్ని యాదికుంచుకుంటడా అక్కా? గీ ముసలోళ్లు దినాం నా మొకం జూస్కుంట కూసుంటరు" అంది.

నెలకోసారి నర్సు రిషిత వచ్చి అందరినీ తూకం వేసి పుస్తకంలో రాసుకుంటుంది. ఎండాకాలం దాటినా ఎవరి తూకమూ పెరగలేదు. "అమ్మా, వీళ్లు అసలు తింటున్రా?" అని అడిగింది. వండిన మనిషికి ఆ మాట ఎట్లా ఉంటుంది? మరునాడు హుస్సేన్ బీ తలుపు చాటున నిలబడి చూసింది. గుడ్లన్నీ రుమాళ్లలోకి, పంచె మడతల్లోకి, కొంగుల్లోకి పోతున్నాయి. ఇళ్లలో పిల్లలకన్నమాట.

ఆ మరునాటి నుంచి గుడ్డు పొట్టు తీసి, రెండు ముక్కలు కోసి, పప్పన్నంలో కలిపి పెట్టడం మొదలుపెట్టింది. అట్లా పెడితే పంచెలో కట్టుకుపోలేరు కదా. అంతటితో ఊరుకోక, మింగేదాకా ఎదురుగా నిలబడేది.

"ఏందే ఉస్సేన్‌బీ, పోలీసోళ్ల లెక్క నెత్తి మీద నిలవడ్డవ్?"

"మింగు తాతా. మింగినంక తిట్టు."

"పండ్లు లేవే నాకు!"

"తిట్టనీకి అక్కెర లేని పండ్లు తిననీకి ఎందుకు?"

హాలంతా నవ్వేది. నర్సయ్య ఒక్కడే నవ్వేవాడు కాదు.

నర్సయ్యది నంగునూరు. మార్కెట్ యార్డులో నలభై ఏళ్లు బస్తాలు మోశాడు. పిల్లల్లేరు. మా వెనక సందులో రేకుల గది కిరాయికి తీసుకుని ఉంటాడు. భార్య బాలవ్వ తుంటి విరిగి మంచాన పడింది. ఆమె పేరు కూడా రాసుకొమ్మని మొదట్లోనే అడిగాడట. హాలుకు వచ్చి కూర్చుని తినేవాళ్లకే అన్నారట కమిటీవాళ్లు. పొయ్యి దగ్గరున్న హుస్సేన్ బీ దాకా ఆ సంగతి రాలేదు. ఆయన మళ్లీ అడగలేదు.

రెండు నెలలకు రిషిత తూకం వేసింది. "నర్సయ్య తాత మూడు కిలోలు పెరిగిండు! కొట్టున్రి సప్పట్లు!" అని అరిచింది. అందరం కొట్టాం. హుస్సేన్ బీ కొంగుతో చెమట తుడుచుకుంటూ, పరీక్ష పాసైన పిల్లలా నవ్వింది. నర్సయ్య మాత్రం తూకం మీద నుంచి దిగకుండా కాళ్ల కింది అంకెనే చూస్తూ ఉండిపోయాడు. దిగమని రిషిత రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ వారమే బాలవ్వ పోయింది. స్నానం చేయించినవాళ్లలో నేనూ ఉన్నాను. లేపి కూర్చోబెడదామని చెయ్యి వేస్తే, బడికి పోయే పిల్లంత బరువు కూడా లేదు.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడి చూస్తాం. హుస్సేన్ బీ కూడా గిన్నెలో పప్పు వండి తెచ్చింది. నర్సయ్య రుమాలు విప్పి, ఉడికిన గుడ్డొకటి పొట్టుతోనే విస్తరిలో పెట్టాడు.

"పొట్టు తియ్యి నర్సన్నా, పిట్ట ఎట్ల తింటది?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"దానికి నేనే దీసి, మెత్తగ నలిపి పెడ్తుంటి చెల్లే" అన్నాడు. "దినాం పంచెల కట్టుకొస్తుంటి. గంజి, గీ గుడ్డు తప్ప ఏం మింగకపోతుండె. హాల్ల పొట్టు దీసి పెట్టవట్టిరి. ఎట్ల దెత్తు? రెండు నెలలు ఉత్త గంజి మీదనే ఉన్నది."

కోపంగా అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు అన్నాడు. పక్కనే ఉన్న నాకూ హుస్సేన్ బీకీ మాత్రమే వినపడింది. ఇంతలో కాకి దిగి ఆ గుడ్డునే ముక్కుతో పొడిచింది. "ముట్టింది, ముట్టింది" అని అందరూ సంతోషపడ్డారు. వెనక్కి తిరిగి చూస్తే హుస్సేన్ బీ పప్పు గిన్నె ఒళ్లో పెట్టుకుని మట్టిలో కూర్చుని ఉంది.

ఆ రోజు నుంచి నర్సయ్య హాలుకు రాలేదు. అప్పుడు మొదలైంది, ఈ కొంగున గుడ్డు. వంటమనిషిగా తనకు వచ్చే గుడ్డు అది, ఇంకొకరిది కాదు. ఎటు పోతోందో చూద్దామని ఒకరోజు వెంట పోయాను. నర్సయ్య గదికి లోపల గడియ పెట్టి ఉంది.

"తాతా, గుడ్డు తెచ్చిన. పొట్టు దియ్యలే."

లోపల మంచం కిర్రుమంది. కిటికీలో నిన్నటి గుడ్డు అట్లాగే ఉంది. దాన్ని తీసి ఇవ్వాళ్టిది పెట్టింది. నిన్నటిది సందు చివర కుక్కకు వేసింది. ఇరవై రోజులుగా ఇదే పని. ఆయన చాయ్ తప్ప ఏమీ ముట్టడం లేదని పక్క గదివాళ్లు చెప్పారు. పెరిగిన మూడు కిలోలు ఎప్పుడో పోయి ఉంటాయి.

సోమవారం కమిటీ కూర్చుంది, గల్లీవాళ్లం కూడా పోయాం. హుస్సేన్ బీని ఉంచాలా, తీసెయ్యాలా అన్నదే మాట.

"గుడ్డు తీస్కపోతున్నవా?" అన్నాడు సునీల్.

"తీస్కపోతున్న."

"ఎవరికి?"

ఆమె కొంగు ముడి గట్టిగా బిగించుకుంది.

"చెప్తే ఉంటవు. చెప్పకుంటే రేపటి సంది రాకు."

నేను లేవబోయాను. పక్కనే ఉన్న ఆమె నా మణికట్టు పట్టుకుని గట్టిగా కిందికి లాగింది. తర్వాత వంటగది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి నడిచింది.

గేటు దగ్గర పట్టుకున్నాను. "ఏమే, నీ గుడ్డే నువ్వు తీస్కపోతివి. ఒక్క మాట చెప్తే పని ఉంటుండె. దొంగ పేరు ఎందుకు మోస్తున్నవే?"

ఆమె కొంగు విప్పి చూసుకుంది. అందులో ఆ రోజు గుడ్డు ఇంకా ఉంది.

"నిజం దెలిస్తే నన్నెవ్వరు తిట్టరక్కా. ‘పాపం, మంచికే జేసింది’ అంటరు. గా మాట నేను మొయ్యలేను. దొంగనే అననియ్యి."