నాన్న ఊపిరి కోసం నేర్చుకున్న సైకిల్

మా చిన్నప్పుడు... నాన్న పెళ్లిళ్లలో సన్నాయి ఊదడానికి వెళ్లాడంటే సైకిల్ మీదే. హ్యాండిల్‌కి గుడ్డసంచిలో సన్నాయి, వెనక క్యారియర్ మీద నేను, నా ఒళ్లో శ్రుతిపెట్టె. పక్కనే ఇంకో సైకిల్ మీద డోలు కట్టుకుని సాంబయ్య బాబాయి. కాలవగట్టు మీద నాలుగు మైళ్లు... పొద్దున్నే ఆ దారిలో బస్సు ఉండేది కాదు. ఎదురుగాలి మాత్రం ఎప్పుడూ ఉండేది.

మాది పెడన. వీధి వీధంతా మగ్గాల చప్పుడు. అందులో సన్నాయి ఊదే ఇల్లు మాదొక్కటే.

ఒక ఏడు వానాకాలంలో జబ్బు చేసి లేచాక నాన్నకు ఆయాసం పట్టుకుంది. అయినా తనే తొక్కేవాడు. ఒకరోజు అలాగే తొక్కుకుంటూ పెళ్లింటికి వెళ్లాం. చొక్కా తడిసి ముద్దయిపోయింది. కాసేపు కూర్చోమని నేను అంటూనే ఉన్నాను...

పంతులుగారు "భజంత్రీలు, భజంత్రీలు" అని చెయ్యి ఊపారు. సన్నాయి పైకి లేచింది... సగంలో ఆగిపోయింది. పెళ్లికొడుకు రెండో ముడి వేస్తున్నాడు. సాంబయ్య బాబాయి డోలు రెట్టింపు వాయించి కమ్మేశాడు కానీ, వెనక నుంచి ఒక పెద్దావిడ అననే అంది... "తాళి కట్టేయేళ సన్నాయి ఆగిందేంటమ్మా!"

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ క్షణాన నాన్న ముఖం నేనింకా మర్చిపోలేదు.

ఇంటికొచ్చి నాన్న అన్నం తినలేదు. అమ్మ పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుడుతూ మెల్లగా అంది... "ఉన్న ఊపిరంతా తొక్కుడికే పోతే ఊదడానికేం మిగులుద్దయ్యా?"

"ఇంక మానేస్తాలే," అన్నాడు నాన్న. సన్నాయి సంచి తీసి చిలక్కొయ్యకు తగిలించాడు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ సంచి కొయ్యకు వేలాడటం నేనెప్పుడూ చూడలేదు. భయం వేసింది.

మర్నాటి నుంచి నేను సైకిల్ పట్టుకున్నాను. నాకప్పుడు పదమూడేళ్లు. మగవాళ్ల సైకిల్, నా నడుం దాటి ఎత్తు. ముందు బార్ కిందనుంచి కాలు దూర్చి అరతొక్కుడు... తర్వాత సీటు కిందికి దింపించుకుని పైకెక్కడం. లంగా అంచు చైన్లో పడి నల్లగా అయ్యేది. మోకాళ్లు చెక్కుకుపోతే అమ్మ పసుపు అద్ది, తిట్లు కూడా అద్దేది. నెల తిరిగేసరికి నేను బాగానే తొక్కుతున్నాను. కానీ నాకు కావలసింది వెనక మనిషిని పెట్టుకుని తొక్కడం.

ముందు పక్కింటివాళ్ల నూలు మూట కట్టుకుని తిరిగాను. తర్వాత మా అమ్మ. నా మొదటి పాసింజర్ ఆవిడే. తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ, నా జాకెట్టు చిరిగేలా పట్టుకుని కూర్చుంది. పడెయ్యలేదు. దిగాక నాన్న దగ్గరికి వెళ్లి "నన్నే మోసింది, నువ్వో లెక్కా?" అంది. మా అమ్మ అప్పుడు కాస్త బొద్దుగా ఉండేదిలెండి.

నాన్నకు మాత్రం మింగుడుపడలేదు. "ఆడపిల్ల తొక్కుతుంటే నేనెనక కూచోవాలా? నలుగురూ ఏవనుకుంటారు?" అన్నాడు.

సాంబయ్య బాబాయి నవ్వాడు. "ఇన్నాళ్లూ నువ్వు దాన్ని మోశావు, ఇప్పుడది నిన్ను మోస్తంది. ఓడలు బళ్లవుతాయనేగా అన్నయ్యా సామెత," అన్నాడు.

చివరికి నాన్న ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. పెళ్లింటికి ముందు కాలవ తూము దగ్గర తను దిగిపోతాడు. అక్కణ్ణుంచి సైకిల్ తనే నడిపించుకుంటూ వస్తాడు... నేను సన్నాయి పట్టుకుని వెనక రావాలి. సరేనన్నాను. ఆ సంచి కొయ్య దిగింది, నాకదే చాలు.

ఆ ప్రయాణాలు ఎంత బాగుండేవో... నాన్న వెనక కూర్చుని ఆ పూట ఊదబోయే రాగం సన్నగా కూనిరాగం తీసేవాడు. సీటు మీద వేళ్లతో తాళం వేసేవాడు. "ఆదితాళంలో తొక్కమ్మా, గాలి తెలవదు," అనేవాడు. నిజంగానే తెలిసేది కాదు. నేను సన్నాయి ఊదలేదు, సంగీతం నేర్చుకోలేదు. నాకొచ్చిన నాలుగు రాగాలూ ఆ గట్టు మీద నా వీపు వెనక నుంచి వచ్చినవే.

కొన్నాళ్లకు, ఆ రోజు సన్నాయి ఆగిన ఊళ్లోనే ఇంకో పెళ్లి. పంతులుగారు చెయ్యి ఊపారు. నేను పందిరి రాటకు ఆనుకుని నా ఊపిరి బిగబట్టుకున్నాను. ఒక ముడి... రెండు... మూడు... తలంబ్రాలు మొదలయ్యేదాకా సన్నాయి ఎక్కడా తెగలేదు. సాంబయ్య బాబాయి కళ్లు భుజానికి తుడుచుకుంటూనే వాయించాడు.

పెళ్లికూతురి తాతగారు నాన్న దగ్గరికొచ్చి, "ఊపిరి భలే నిలిచిందయ్యా. ఏం మందు వాడతన్నావు?" అని అడిగారు.

నాన్న సన్నాయి కింద పెట్టాడు. ఏ కషాయం పేరో చెప్తాడనుకున్నాను.

"మందు కాదండీ... అదిగో, మా అమ్మాయి. నాలుగు మైళ్లూ నన్నెక్కించుకుని అదే తొక్కుకొచ్చింది," అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. నేను చైన్ మరకలున్న లంగా అంచు చేత్తో దాచుకున్నాను.

ఆ తర్వాత ఏ పెళ్లికి వెళ్లినా నాన్న తూము దగ్గర దిగలేదు. పందిరి దాకా నా వెనకే కూర్చుని వచ్చాడు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. మొన్న పట్నంలో, గవర్నర్‌పేటలో ఒక పెళ్లికి వెళ్లాను. తాళి కట్టేటప్పుడు సన్నాయి స్పీకర్లోంచి వచ్చింది. ఎవరో ఫోన్‌లో పెట్టారు. తప్పు లేదు, శుభ్రంగా ఉంది, ఎక్కడా ఆగలేదు... నాకే ఉండబట్టలేక బయటికొచ్చి కాసేపు ఏడ్చాను.

ఇప్పుడు నాకు స్కూటీ ఉంది. ఎదురుగాలి లెక్కే లేదు. కానీ వెనక కూర్చుని తాళం వేసే మనిషి లేడు...

మీరు మొదటిసారి సైకిల్ వెనక ఎవరిని ఎక్కించుకున్నారు? వాళ్లు ఇంకా ఉంటే, ఈ పూట ఒకసారి పలకరించి రండి... వచ్చాక నాకూ చెప్పండి.