ఉత్తుత్తి అల్లుడు

నా మోకాలు తిరిగిన చప్పుడు నాకంటే ముందు అవతలి జట్టు అమ్మాయిలు విన్నారు. కూత పెట్టి వాళ్ల కోర్టులోకి వెళ్లాను. ఎడమ కాలి మీద ఒళ్లంతా తిరిగింది, పాదం మాత్రం తిరగలేదు. నన్ను పట్టుకోవలసిన వాళ్లే చేతులు వదిలేసి వెనక్కి జరిగారు. కబడ్డీలో దొరికిన రైడర్‌ని ఎవరూ ఊరికే వదలరు. అప్పుడే నాకు భయమేసింది.

ఆపరేషన్ చేసి డాక్టరు కొత్త లిగమెంటు వేశాడు. నెలలు గడిచాయి, నడక వచ్చింది. ఇంట్లో అందరికీ అది చాలు. మాది పురానాపూల్ దగ్గర తాతల నాటి పాల వ్యాపారం. ముందు మూడు గదులు, వెనక బర్రెల కొట్టం, మధ్యలో వాకిలి. "ఆడింది సాలు బిడ్డా. నడుస్తున్నవ్ గద, ఇగ సంబంధాలు సూద్దం" అంది అమ్మ. నేను మళ్లీ రాష్ట్ర జట్టు ట్రయల్స్‌కి వెళ్లాలనుకుంటున్నానని చెబితే, చిన్నపిల్ల బొమ్మ అడిగినట్టు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూశాక నా పట్టుదల ఇంకా పెరిగింది. మొండితనం మా ఇంట్లో బర్రెలకే కాదు, మనుషులకూ ఉంది.

మా గల్లీ చివర జిమ్ ఉంది. ఆడవాళ్లకు మధ్యాహ్నం మాత్రమే. ఆ వేళ మగవాళ్లెవరూ లోపల ఉండరు, నేర్పే మేడమ్‌కి బరువు తగ్గించడం తప్ప మరొకటి తెలియదు. దెబ్బతిన్న ఆటగాళ్లను మళ్లీ నిలబెట్టడం తెలిసినవాడు అక్కడ ఒక్కడే, పొద్దునా సాయంత్రం మగవాళ్లకు నేర్పే ట్రైనరు. వాళ్లది కోస్తా. తండ్రి ప్రభుత్వ ఆఫీసు ఉద్యోగంతో వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను జిమ్‌కి వెళ్లలేను కాబట్టి అతన్నే ఇంటికి రమ్మన్నాను.

పొద్దున పాలు పితికి, క్యాన్లు బండికెత్తి బాపు వెళ్లిపోయాక, జిమ్‌లో పొద్దుటి పని ముగించుకుని వచ్చేవాడు. ఖాళీ క్యాన్లలో నీళ్లు నింపి మోయించేవాడు. కుడితి తొట్టి గట్టు ఎక్కించి దింపేవాడు. బర్రె అడ్డమొస్తే "కాస్త జరగండి" అనేవాడు. మా అమ్మ పేడ ఎత్తుతూ ఆగిపోయి, "బర్రెకు గూడ అండీనా" అని కొంగు అడ్డం పెట్టుకుంది. నొప్పి అని నేను ఎంత మొత్తుకున్నా అతను గొంతు పెంచడు, లెక్క తగ్గించడు. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండేది.

గల్లీ ఊరుకుంటుందా? ఆడపిల్ల ఉన్న ఇంటికి రోజూ పరాయి మగవాడు రావడం పక్కింటి చిన్నమ్మ కంట్లో పడింది. ఆమె కంట్లో పడితే పాతబస్తీ అంతటికీ తెలిసినట్టే. ఒకరోజు పొద్దున్నే అమ్మ దారికడ్డంగా నిలబడింది. "రేపటి సంది గా పోరన్ని రావద్దను. మస్తు లొల్లి అయితుంది. నీకు సంబంధం ఎట్ల తేవాలె?"

ట్రయల్స్‌కి ఇంకా నెలలున్నాయి. అతను రాకపోతే నా ఆట అక్కడితో సరి. నా నోటికి ఏదొస్తే అది అనేశాను.

"సంబంధం ఎందుకమ్మా? ఆయన నన్ను చేసుకుంటా అన్నడు."

అతను అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో కాలికి కట్టే రబ్బరు పట్టీతో. అమ్మ అతని వంక చూసింది. నేనూ చూశాను. అతను కాదనలేదు. పట్టీని రెండుసార్లు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు.

అమ్మ లోపలికి వెళ్లి ఏడవడం మొదలుపెట్టాక అడిగాడు. "ఇదేంటండీ?"

"ట్రయల్స్ దాకా టైం గావాలె సార్. తర్వాత కుదరలేదని చెప్దం."

అతను నా మోకాలి వైపు చూశాడు. తన దగ్గరికొచ్చినవాళ్లంతా నడక రాగానే మానేస్తారు, చివరిదాకా ఒక్కరూ ఉండలేదు అన్నాడు. "మా అక్క పెళ్లయ్యాకే ఇంట్లో చెప్తానని అనండి. అక్క పెళ్లి కావలసి ఉన్నది నిజమే కాబట్టి నేను తడబడను."

అమ్మ రెండు రోజులు ఏడ్చింది, కులం కాదని, యాస మనది కాదని. బాపు అతన్ని కొట్టంలోకి తీసుకెళ్లి, "పాలు పిండొస్తదా?" అని అడిగాడు.

"రాదండి."

"నేర్సుకో."

అదే మా ఇంట్లో నిశ్చితార్థం. ఆ రోజు నుంచి అతను అల్లుడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అమ్మ చీరల లెక్కలు మొదలుపెట్టింది. నేను అలవాటుకొద్దీ సార్ అంటే, "కాబోయే మొగన్ని సార్ అంటవేందే" అని తిట్టేది.

నమ్మించాలంటే అప్పుడప్పుడు కలిసి బయటికి వెళ్లాలి. ఒక సాయంత్రం చార్మినార్ దగ్గరికి వెళ్లాం. జనం, ఆటోలు, తోపుడుబండ్లు. షికారుకి వచ్చామనుకున్నాను. అతను మాత్రం, "ఈ జనంలో ఎవరికీ తగలకుండా, ఆగకుండా నడవండి" అన్నాడు. కోపమొచ్చింది, అయినా నడిచాను. పక్కకు తప్పుకున్నాను, ఒంగాను, ఒంటికాలి మీద తిరిగాను. గాజుల దుకాణాల దగ్గరకు వచ్చేసరికి మోకాలి సంగతే మరిచిపోయాను. వెనక్కి చూస్తే అతను చెమటలు కక్కుతూ, అందరికీ తగులుతూ, అందరికీ సారీ చెబుతూ వస్తున్నాడు. గాజులమ్మే ఆయన "ఆవో దుల్హే మియా" అని పెళ్లికొడుకుని పిలిచినట్టు పిలిస్తే చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఆ పూట అతను నాకు నచ్చాడు. నచ్చాడని చెప్పడానికి సిగ్గెందుకు?

చెప్పలేదు మాత్రం. ట్రయల్స్ దగ్గరపడ్డాయి.

అతను ఒక పరీక్ష పెట్టాడు. తొట్టి గట్టు మీద నుంచి ఎడమ కాలి మీదకి దూకాలి, మోకాలు లోపలికి వాలకూడదు. దూకాను. వాలింది. మళ్లీ దూకాను, మళ్లీ వాలింది.

"ఈసారికి వద్దండి" అన్నాడు.

అమ్మ విన్నది. సాయంత్రానికి ఇల్లంతా అదే మాట. అల్లుడు వద్దన్నడు. ఇన్నాళ్లూ నేను ఆడతానంటే నవ్వినవాళ్లు, అతను వద్దనగానే బుద్ధిమంతుడని మెచ్చుకున్నారు. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. నా కాలు నిలబెట్టుకోవడానికి అతన్ని అల్లుణ్ణి చేశాను. ఇప్పుడు ఆ కాలు ఎటు పోవాలో అల్లుణ్ణి అడుగుతున్నారు.

మర్నాడు అతన్ని నిలదీశాను. "వద్దన్నది ట్రైనర్‌గనా, అల్లుడిగనా?"

"ట్రైనర్‌గానేనండి."

"మరి వాళ్లకు గట్ల ఇనిపిస్తలేదు."

అతని మొహం వాడిపోయింది. నేను ఏడుస్తూనే తొట్టి గట్టెక్కాను.

ఆ ఏడు ట్రయల్స్‌కి వెళ్లలేదు. అబద్ధాన్ని అలాగే సాగనిచ్చి, మరుసటి ఏడాది ట్రయల్స్ దాకా దూకాను. వానలో, ఎండలో, మూసీ వాసన ముక్కు పగలగొట్టే రోజుల్లో కూడా. ఒక పొద్దున కాలు నేల మీద పడింది, మోకాలు నిటారుగా నిలిచింది. మళ్లీ దూకమన్నాడు. నిలిచింది. అతను క్యాను మీద కూర్చుండిపోయి కళ్లు తుడుచుకున్నాడు, చెమట అన్నాడు.

ట్రయల్స్‌కి ముందు రోజు అమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి వస్తూనే, కూరగాయల సంచి దించకుండా అతని దగ్గరకు వెళ్లింది. నేను అక్కడే ఉన్నానన్న పట్టింపు కూడా లేదు. "కొడుకా, నువ్వు వద్దంటే ఆగుతది. మల్ల కాలు ఇరిగితె ఎట్ల? ఒక్క మాట వద్దను."

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఏందల్లుడా, పంపుదమా వద్దా? నువ్వెట్లంటె గట్ల."

నేను పళ్లు బిగించి నిలబడ్డాను. అతను అవునంటే వెళతాను, కాదంటే లేదు. ఏడాది పైగా దూకింది నేను, మాట అతనిది.

అతను చేతిలో క్యాను కింద పెట్టాడు. "నేను అల్లుణ్ణి కాదండి. మేమిద్దరం అబద్ధం చెప్పాం. ట్రైనర్‌గా అయితే చెప్తాను, కాలు సిద్ధంగా ఉంది. వెళ్లాలా వద్దా అన్నది నా మాట కాదు. ఆమెను అడగండి."

అమ్మ చేతిలో సంచి జారి టమాటాలు వాకిలంతా దొర్లాయి.

"అబద్ధం ఆడింది నేను బాపూ. ఆయన్ని లాగింది గూడ నేనే" అన్నాను.

బాపు నా వైపు చూడలేదు. "రేపటి సంది మా ఇంటికి రాకు" అని అతనికి చెప్పాడు. అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్లేముందు దొర్లిన టమాటాలు ఏరి సంచిలో వేసి మరీ వెళ్లాడు. నన్ను ఒక్క మాట అడగకుండా అంతా చెప్పేశాడని కోపం, చెప్పినందుకు ప్రేమ, రెండూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు తెల్లవారుతూనే సంచి సర్దుకుని బయటికొచ్చాను. ఎవరాపినా ఆగకూడదనుకున్నాను. గేటు దగ్గర బాపు బండి మీద ఉన్నాడు. వెనక పాల క్యాన్లు లేవు.

"కూసో" అన్నాడు.

ట్రయల్స్‌లో కూత పెట్టి కోర్టులోకి వెళ్లినప్పుడు చార్మినార్ జనం గుర్తొచ్చారు. ఇక్కడ తగలకుండా తప్పుకోవడం కాదు, తగిలి తిరిగి రావాలి. ఎడమ కాలి మీదే తిరిగాను. నిలిచింది. జట్టులో పేరొచ్చింది, బెంచీ మీద కూర్చునే పేరే, అయినా వచ్చింది. ఆ మాట ఒక్కటే అతనికి మెసేజ్ పెట్టాను. "మోకాలు వాచిందా అండి?" అని జవాబు. ఇంకేమీ లేదు. నాకు మళ్లీ ఒళ్లు మండింది.

వాళ్ల అక్క పెళ్లయ్యాక అతను వచ్చాడు, అమ్మానాన్నలతో. వాళ్ల నాన్న ముందుగా అనుకుని వచ్చిన మాటలు తడబడకుండా చెప్పి, మీ అమ్మాయిని మావాడికి అడగడానికి వచ్చామండీ అని ముగించాడు. అమ్మ చాయ్ పళ్లెంతో గుమ్మంలో ఆగిపోయింది.

"నన్నడుగుతరేంది?" అన్నాడు బాపు. "దాన్నడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. నేను అతన్నే చూస్తూ అడిగాను.

"ట్రైనర్‌గ వచ్చిండ్రా, అల్లుడిగనా?"

"అడగడానికి వచ్చానండి" అన్నాడు.

సరేనన్నాను.